ప్లానుకు ఎంతవుతుందండీ?

వార్షిక సంచికకు నా వృత్తికి సంబంధించి, అన్ని శాఖల వారికీ పనికివచ్చేది ఏదైనా వ్రాయమని విద్యార్థి సంఘం మిత్రులు కోరారు. నేను ఈ కళాశాలలో సివిల్ చదివి బయటపడి ఇరవయ్యేళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో జనం నన్నడిగిన ప్రశ్నలన్నీ ఒకచోట కుప్ప పోస్తే అందులో సగం ఒకే ప్రశ్న ఉంటుంది. "ప్లాను గీయడానికి ఎంతవుతుందండీ?" పెళ్ళి పందిట్లో అడుగుతారు, బస్సులో అడుగుతారు. ఒకసారి పరామర్శకు వెళ్ళినచోట ఒక పెద్దమనిషి నన్ను అరుగు మీదికి పిలిచి మెల్లగా అడిగాడు. "ఏ ప్లానుకండీ?" అని నేను తిరిగి ప్రశ్నిస్తే, వీడేదో బేరానికి తావు చూసుకుంటున్నాడని వారి అనుమానం. నిజానికి ఆ ఎదురు ప్రశ్నలోనే విషయమంతా ఉంది. దాన్ని విడమర్చి చెప్పడానికి ముందు, నేను జీవితంలో గీసిన మొదటి ప్లాను సంగతి చెప్పాలి. దానికి రుసుము తీసుకోలేదు. ఉచితం.

అది 2004 వేసవి. మూడో సంవత్సరం పరీక్షలు వ్రాసి ఇంటికి వెళ్ళాను. మా నాన్నగారు హైస్కూలు మాస్టారు. మరుసటి ఏడు రిటైరవుతారు. నరసరావుపేటలో ఎప్పుడో కొనిపెట్టుకున్న స్థలం, ముప్ఫై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు, అంటే సరిగ్గా 200 గజాలు. అందులో 1,100 చదరపు అడుగుల ఇల్లు తలపెట్టారు. అప్పటి ధరలో చదరపు అడుగుకు 450 రూపాయలు వేసుకుని, ఐదు లక్షల లోపు తేల్చాలని ఆయన లెక్క. గుంటూరులో తెలిసిన ఇంజినీరు ఒకాయన, డ్రాయింగులన్నీ ఇచ్చి, పని జరిగేటప్పుడు నాలుగుసార్లు వచ్చి చూసి వెళ్ళడానికి మొత్తం మీద 18,000 అడిగారు. మా నాన్నగారి నెల జీతం కంటే ఎక్కువ అది.

"నాలుగు గీతలకు పద్దెనిమిది వేలా? ఏరా, నువ్వు చదివేది ఇదేగా, మనింటికి నువ్వే గీయకూడదూ?" అన్నారు.

ఎందుకు గీయకూడదు? మూడేళ్ళుగా డ్రాయింగు హాల్లో టీ-స్క్వేరు పట్టుకుని నడుం పడిపోయేదాకా గీస్తున్నవాణ్ణి. పది రోజులు కూర్చుని గీశాను. రెండు పడక గదులు, హాలు, వంటిల్లు, దేవుడి గది, లోపలి నుంచే మేడ మెట్లు. అక్షరాలు అచ్చు వేసినట్టున్నాయని ఊళ్ళో వాళ్ళంతా మెచ్చుకున్నారు. అక్షరాలు నిజంగానే బాగున్నాయి.

మెట్ల లెక్క కాస్త ఓపికగా చూడండి, ఇతర శాఖల వారికి కూడా అర్థమయ్యేదే. కింది నేల నుంచి పై నేలకు ఎత్తు పదిన్నర అడుగులు, అంటే 126 అంగుళాలు. ఒక్కో మెట్టు 7 అంగుళాల ఎత్తు అనుకుంటే 18 మెట్లు. అవి తొమ్మిదేసి చొప్పున రెండు వరసలు. మధ్యలో తిరగడానికి మూడడుగుల చదును, దాన్నే ల్యాండింగు అంటాం. తొమ్మిది ఎత్తులున్న వరసలో కాలు మోపే పలకలు ఎనిమిది ఉంటాయి, తొమ్మిదోది ల్యాండింగే. పలక 10 అంగుళాలు. ఎనిమిది పదులు ఎనభై, ల్యాండింగు ముప్ఫై ఆరు, మొత్తం 116 అంగుళాలు. తొమ్మిది అడుగుల ఎనిమిది అంగుళాల పొడవు కావాలి. నేను మొదట అంతే ఇచ్చాను.

ప్లాను అయిపోయిన రోజు సాయంత్రం నాన్నగారు వాస్తు చూసే పెద్దాయనకు చూపించారు. ఆయన అన్నీ బాగున్నాయని, దేవుడి గది మాత్రం ఇరుకైందని, కాస్త పెంచమని అన్నారు. అందులో తప్పేమీ లేదు. గది నిజంగానే ఇరుకుగా ఉంది. దాని పక్కన ఉన్నవి మెట్లు. రబ్బరు తీసుకుని మెట్ల గదిలో నుంచి 20 అంగుళాలు చెరిపి దేవుడికి ఇచ్చేశాను. గోడ గీత జరిగింది. మెట్ల గీతల్లో వరసకు రెండేసి తగ్గాయి. కాగితం మీద ఏమీ తేడా కనిపించలేదు. ఎందుకంటే ప్లాను అనేది ఇంటిని కిటికీల మట్టంలో అడ్డంగా కోసి, పైనుంచి చూస్తే కనిపించే బొమ్మ. అందులో పొడవూ వెడల్పూ ఉంటాయి, ఎత్తు ఉండదు. ఎత్తు తెలియాలంటే ఇంటిని నిలువుగా కోసి చూపించాలి. దాన్ని సెక్షన్ అంటారు. పరీక్షలో ఐతే సెక్షనుకు మార్కులుంటాయి కాబట్టి గీస్తాం. ఇంట్లో మార్కులు వేసేవాళ్ళు లేరు గనుక గీయలేదు.

మెట్టు పొడవు తగ్గాక వరసకు పలకలు ఆరు, ఎత్తులు ఏడు. రెండు వరసలకు పద్నాలుగు. 126ను 14తో భాగిస్తే తొమ్మిది! ఒక్కో మెట్టు తొమ్మిది అంగుళాలు. మన జాతీయ భవన నియమావళి ఇళ్ళలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు మించకూడదంటుంది. ఆ అంకె నాకు అప్పటికే కంఠోపాఠం.

ఇక మున్సిపాలిటీ అనుమతి. విద్యార్థి సంతకం చెల్లదు, లైసెన్సు ఉన్న సర్వేయరు సంతకం కావాలి. ఊళ్ళో ఒకాయన 2,000 పుచ్చుకుని సంతకం పెట్టి దాఖలు చేసి పెట్టాడు. అనుమతికి సెక్షన్ కూడా ఉండాలి గనుక, తన దగ్గర అన్ని ఇళ్ళకూ వాడే సెక్షన్ బొమ్మ ఒకటి ఉంటే అది తెచ్చి మా ప్లాను పక్కన అతికించాడు. ఆ బొమ్మలో మెట్లు చక్కగా, ఏడేసి అంగుళాలతో ఉన్నాయి. అవి మా ఇంటి మెట్లు కావు. కాగితాలు ముద్ర పడి తిరిగొచ్చాయి. ముద్ర పడింది కనుక ప్లాను మంచిదని మా నాన్నగారు నమ్మారు. నేనూ నమ్మాను. మున్సిపాలిటీ వారు చూసేది రోడ్డు నుంచి ఎంత వదిలారు, పక్కలకు ఎంత వదిలారు, ఎత్తు ఎంత, స్థలం మనదేనా అన్నవి. మీ అమ్మగారి మోకాళ్ళ సంగతి చూడడం వారి పని కాదు.

పునాదికి ముగ్గు పోసినప్పుడు నేను ఊళ్ళోనే ఉన్నాను. శ్లాబు సెంటరింగు నాటికి దసరా సెలవులకు వచ్చాను. తాపీ మేస్త్రీ, చదువు ఐదో తరగతి, అనుభవం ముప్ఫై ఏళ్ళు, మెట్ల దగ్గర టేపు పట్టుకుని నిలబడి, "మెట్టు ఎత్తు పడుద్దండీ అబ్బాయిగారూ, ఇంకో రెండడుగులు పొడుగుంటే గాని కుదరదు," అన్నాడు. ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తుంది. "ప్లానులో ఉన్నట్టు కట్టండి" అన్నాను. ఆయన మారు మాట్లాడలేదు. ప్లాను గీసినవాడు ఇంజినీరు, మాస్టారిగారబ్బాయి, ఆయనకేం పోయింది?

ఇంకొక ఘనకార్యం కూడా చేశాను. ల్యాండింగు కింద మరుగుదొడ్డి గీశాను. ల్యాండింగు ఎప్పుడూ సగం ఎత్తులోనే ఉంటుంది: ఐదడుగుల మూడంగుళాలు. అందులో శ్లాబు మందం ఐదంగుళాలు పోతే మిగిలేది నాలుగడుగుల పది అంగుళాలు. మా ఇంట్లో అంత పొట్టివాళ్ళు ఎవరూ లేరు. అది చివరకు పాత సామాన్ల గది అయింది.

2009లో నాన్నగారు పైన రెండు గదుల వాటా వేయించారు, అద్దె వస్తే పెన్షనుకు తోడుగా ఉంటుందని. నాలుగేళ్ళలో ముగ్గురు అద్దెకొచ్చి ఖాళీ చేశారు. గ్యాసు బండ తెచ్చే కుర్రాడు మెట్ల మొదట్లోనే దింపి వెళ్ళిపోయేవాడు. మూడోసారి ఖాళీ చేసినాయన మాత్రం మొహమాటపడకుండా చెప్పాడు: "ఇల్లు బాగుంది మాస్టారూ. మెట్లండీ." మా అమ్మ వడియాలు పెట్టడానికి మేడ ఎక్కడం అంతకు ముందే మానేసింది. ఎందుకని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

2016లో ఆ మెట్లు పగలగొట్టించాను. దేవుడి గది జరపడానికి అమ్మ ససేమిరా ఒప్పుకోలేదు కాబట్టి, అటువైపు హాలులోకి 20 అంగుళాలు పెంచాలి. అక్కడ శ్లాబు అంచుకు దూలం ఉంది. పోట్లు పెట్టి శ్లాబు కోసి, పాత దూలం తీసి, కొత్తది వేసి, మెట్లు మళ్ళీ పోసి, గచ్చు సరిచేసేసరికి 1,65,000 అయింది. ఇవ్వనని మిగుల్చుకున్న పద్దెనిమిది వేలు మొత్తం ఇంటి ఖర్చులో నూటికి మూడున్నర పై చిల్లర. ఉచిత ప్లాను ఖరీదు ఇదీ.

ఇప్పుడు "ఏ ప్లానుకండీ?" అన్న నా ప్రశ్నకు వస్తాను. మనవాళ్ళు ప్లాను అనే ఒక్క మాటతో పిలిచేది నిజానికి నాలుగైదు వేర్వేరు పనులు. అనుమతి కోసం దాఖలు చేసే డ్రాయింగు ఒకటి. మేస్త్రీ చేతిలో ఉండాల్సిన పని డ్రాయింగులు వేరు. స్తంభాలు ఎక్కడెక్కడ, ఏ తలుపు ఎంత, మెట్ల కొలతలు, నీళ్ళ గొట్టాలు, కరెంటు పాయింట్లు అన్నీ వాటిలో ఉంటాయి. పునాది, దూలం, శ్లాబులలో ఇనుము ఎంతో, ఎక్కడో చెప్పే స్ట్రక్చరల్ డిజైను ఇంకొకటి. ఎస్టిమేటు మరొకటి. పని జరిగేటప్పుడు వచ్చి చూసేది మరొకటి. ఆర్కిటెక్టుల కౌన్సిల్ వారి రుసుము నియమావళిలో పని అంతా దశలుగా విడదీసి ఉంటుంది. అనుమతి దశకు వచ్చేసరికి మొత్తం రుసుములో దాదాపు మూడోవంతే చెల్లుతుంది. మిగతా రెండు వంతులూ ఆ తరువాతి డ్రాయింగులకూ పర్యవేక్షణకూ. మన ఊళ్ళలో సామాన్యంగా జరిగేదేమిటంటే, ఆ మొదటి మూడోవంతు దగ్గరే ఆగిపోయి, ప్లాను అయిపోయిందనుకోవడం. కాబట్టి ఒకాయన ఐదు వేలు అన్నాడు, ఇంకొకాయన యాభై వేలు అన్నాడు అంటే, రెండోవాడు దోపిడీదారు అని తేల్చకండి. ఒకరు ఒక కాగితం అమ్ముతూ ఉండవచ్చు, ఇంకొకరు ఇరవై కాగితాలు. ఎన్ని డ్రాయింగులిస్తారు, అందులో సెక్షన్లు ఎన్ని, ఎన్నిసార్లు మార్చి ఇస్తారు, ఎన్నిసార్లు స్థలానికి వస్తారు, అనుమతి ఫీజు ఇందులోనేనా వేరా, జీఎస్‌టీ ఉందా అని అడిగి, ఒక కాగితం మీద వ్రాయించుకోండి. అడిగితే కోప్పడేవాడి దగ్గర గీయించుకోకండి.

రుసుము లెక్కకట్టే తీరులు మూడు. ఇంటి ఖర్చులో ఇంత శాతం అనేది ఒకటి. చదరపు అడుగుకు ఇంత అనేది ఇంకొకటి. గుత్తగా ఇంత అనేది మూడోది. శాతం పద్ధతిలో చిక్కు మీకు వెంటనే తట్టే ఉంటుంది: ఇల్లు ఖరీదైన కొద్దీ గీసినాయనకు ఎక్కువ. చదరపు అడుగుల పద్ధతిలో, ఇంటిని చిన్నది చేసి మీ డబ్బు మిగిల్చిన వాడికి తన డబ్బు తగ్గుతుంది. ఇది చాలామంది ఆలోచించరు. లెక్క సులువుగా ఉండడానికి కట్టుబడి చదరపు అడుగుకు 2,000 అనుకుందాం. మూడడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు నడవా ఒకటి, ఏ పనికీ రానిది, గదులను అటూ ఇటూ మార్చి తీసేయగలిగితే 36 చదరపు అడుగులు, 72,000 రూపాయలు మిగిలాయి. ఆ ఒక్క ఆలోచనకు గంట పట్టవచ్చు, మూడు రోజులు పట్టవచ్చు. గీతకు పట్టేది నిమిషం. అందుకని చిన్న ఇళ్ళకు నేను గుత్త పద్ధతే ఇష్టపడతాను, ఇవ్వాల్సిన డ్రాయింగుల జాబితా ముందే వ్రాసుకుని.

స్ట్రక్చరల్ డిజైను దగ్గర పొదుపు చేసేవారి సంగతి ఇంకా విచిత్రం. ఇనుము ఎంత వేయాలో చెప్పే కాగితం లేనప్పుడు మేస్త్రీ భయానికి వేస్తాడు. అతణ్ణి తప్పు పట్టలేం; కూలితే ముందు కొట్టేది అతణ్ణే. ఊచ మందం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితో గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఊచ మీటరుకు 0.89 కిలో, 16 ఊచ 1.58 కిలో. పన్నెండు స్తంభాలు, స్తంభానికి ఆరు ఊచలు, ఒక్కోటి నాలుగు మీటర్లు అనుకోండి: 288 మీటర్లు. 12 సరిపోయే చోట 16 వేస్తే దాదాపు 200 కిలోలు వృథా. కిలో 60 వేసుకున్నా 12,000. శ్లాబు "గట్టిగా ఉంటుందని" ఒక అంగుళం మందం పెంచితే, వెయ్యి చదరపు అడుగులకు 83 ఘనపుటడుగుల కాంక్రీటు అదనం. దాని బరువు సుమారు ఆరు టన్నులు. ఆ ఆరు టన్నులను దూలాలు, స్తంభాలు, పునాది నిత్యం మోయాలి. ఇన్ని బరువులెత్తి, అసలు ఇనుము కావలసిన చోట, అంటే బాల్కనీ పై భాగంలో, ఊచలను కిందికి వేసిన ఇళ్ళు నేను చూశాను. ముందుకు పొడుచుకొచ్చిన శ్లాబులో లాగుడు పైభాగాన ఉంటుంది. అక్కడ ఎంత లావు ఊచ వేసినా అడుగున వేస్తే ప్రయోజనం లేదు. మందం కాదు ప్రశ్న, ఊహ మీద కట్టడం.

నల్లరేగడి నేలల వారికి ఒక మాట. మా పల్నాడు వైపు, ఇంకా ఎన్నో చోట్ల, వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే నేల అది. పక్కింటాయన నాలుగడుగులు తవ్వాడు కనుక మనమూ నాలుగే అనుకుంటే, మొదటి ఎండాకాలంలోనే గోడలు పలుకుతాయి. మా ప్రహరీ అలాగే పలికింది. మట్టి పరీక్ష ఖర్చు ప్లాను ఖర్చులో భాగమే అనుకోవాలి. ఇటువంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వారు అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్ పునాదులను వృద్ధి చేశారు. అది అవసరమా కాదా చెప్పాల్సింది కాగితమే, కంటి అంచనా కాదు.

విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో ఇంటి ప్లాన్ల పుస్తకాలు దొరికేవి. ఇప్పుడు ఫోను తెరిస్తే వేలకు వేలు. చూడండి, తప్పులేదు, గదుల కొలతలు తెలుస్తాయి. కాని ఆ ప్లానుకు మీ రోడ్డు ఏ దిక్కో తెలియదు, మీ అత్తగారికి మోకాళ్ళ నొప్పులో కాదో తెలియదు. వాస్తు పట్టింపు ఉన్నవారు, ఆ పెద్దాయనను ప్లాను గీశాక కాక, గీయకముందే పిలవండి. దిక్కులన్నీ ముందే చెప్పేస్తే గీసేవాడు వాటికి తగ్గట్టే గదులు పేరుస్తాడు. చివరి రోజున రబ్బరు పట్టుకుంటే ఏమవుతుందో పైన వ్రాశాను.

ఎవరి చేత గీయించాలన్నది ఇంకో సందేహం. 1972 ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిలులో నమోదైన వారే ఆ పేరు పెట్టుకోవాలి. ఐతే ఆ చట్టం ఆ పేరుకే గాని, ఇల్లు రూపొందించే పనికి నిషేధం కాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఇంజినీరు గీయవచ్చు, అనుభవమున్న డ్రాఫ్ట్స్‌మన్ గీయవచ్చు. ఎవరు గీసినా, స్ట్రక్చరల్ డిజైను మీద దానికి బాధ్యుడైన ఇంజినీరు సంతకం ఉండాలి, ఆ మనిషి నిజంగా లెక్క కట్టి ఉండాలి. అదే 2020లో తెలంగాణలో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు వరకు అనుమతే అక్కరలేదంది. 500 చదరపు మీటర్ల వరకు స్థలంలో, పది మీటర్ల ఎత్తు వరకు, యజమాని స్వయంగా ధ్రువీకరిస్తే వెంటనే అనుమతి అంది. మంచిదే, తిరుగుడు తగ్గింది. కాని దాంతో ప్లాను ఖర్చూ తప్పిందని సంబరపడినవారు నాకు తెలుసు. పరాయి కన్ను ఒకటి తగ్గిన చోట సొంత డ్రాయింగు ఇంకా బాగుండాలి కదా.

మా గురువుల కాలంలో ప్లాను అంటే ట్రేసింగు కాగితం, ఇంకు, అమోనియా వాసన కొట్టే ప్రింట్లు. ఒక్క గోడ మారిస్తే బ్లేడుతో గీకి మళ్ళీ గీయాలి. 1982లో ఆటోక్యాడ్ వచ్చాక మెల్లమెల్లగా ఆ శ్రమంతా పోయింది. గీత చవకైంది. దాంతో గీతకు డబ్బు ఎందుకివ్వాలని జనం అడుగుతున్నారు, న్యాయమే. రంగురంగుల ముఖద్వారం బొమ్మ ఒకటి గీసి చేతిలో పెడితే సంతోషంగా ఇస్తారు. సెక్షన్ గీసి ఇస్తే, "ఇదెందుకండీ?" అంటారు.

సివిల్ చదువుతున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఈ సెలవుల్లో ఇంట్లో వాళ్ళు ఆ మాట అనే తీరుతారు, నువ్వు చదివేది ఇదేగా అని. గీయండి. గీసి, మెట్ల దగ్గరా మరుగుదొడ్డి దగ్గరా నిలువుకోత ఒక్కటైనా గీసుకుని, ఎవరైనా పెద్ద ఇంజినీరుకు డబ్బిచ్చి చూపించండి. మేస్త్రీ టేపు పట్టుకుని నిలబడితే ఆయన చెప్పేది వినండి.

2016లో కొత్త మెట్లు పోసింది ఆ మేస్త్రీ కొడుకే. పాత సంగతి వాళ్ళ నాన్న చెప్పాడో లేదో గాని, నన్ను ఒక్క మాట అనలేదు. మెట్టు మెట్టుకీ టేపు పెట్టి నాకు చూపించి మరీ పోశాడు. ఆరిన తరువాత అమ్మ ఎక్కి, లెక్కపెట్టి, "పద్దెనిమిదిరా" అంది పైనుంచి.

నా మొదటి ప్లాను ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది. చూడాలనుకున్న వారికి చూపిస్తాను. అక్షరాలు చాలా బాగుంటాయి. సెక్షన్ మాత్రం అడగకండి, గీయలేదు.